పైపుఫిట్టర్ల సంఘము — దాని నిధి, దాని వార్తలు

అమెరికా సంయుక్తరాష్ట్రములలో ఒకానొక పట్టణపు పైపుఫిట్టర్ల సంఘము తన సభ్యులకొఱకు అచ్చువేయించు వార్తాపత్రమును మా చదువరులలో ననేకులు చూచియుండరు. చూచినను అందు సాహిత్యరస మేమియు దొరకదు. సర్వసభ్య సమావేశము ఈ నెల ఏ వారమున జరుగును. అప్రెంటిసులుగా చేరగోరువారు ఏ తేదీలోపల దరఖాస్తు పెట్టుకొనవలెను. వైద్యనిధికి పనిగంట కెంత జమ యగుచున్నది. ఏ కొత్త కట్టడమున నెందఱికి పని దొరకునట్లున్నది. ఈ యేట పింఛను పుచ్చుకొన్నవా రెవరు. సభ్యులై యేబది యేండ్లు నిండిన వృద్ధు లెవరు. కడపట, కొంచెము చిన్న యక్షరములలో, గడచిన నెలలో మృతులైనవారి పేర్లు. ఇంతియే. అయినను ఆ యింటి యిల్లాలికి ఈ కాగితము మన యిండ్లలో పంచాంగము వంటిది. భర్తకు రేపు పని యున్నదో లేదో, బిడ్డకు జబ్బు చేసినచో వైద్యుని బిల్లు చెల్లునో చెల్లదో ఆమె దానిని చూచియే తెలిసికొనును.

ఈ పొడివార్తల వెనుక నూఱేండ్లకు మించిన చరిత్ర కలదు. కార్మికసంఘ మనగానే మనలో పెక్కండ్రకు సమ్మెయు, ఊరేగింపును, జెండాలును స్ఫురించును. సమ్మె సంఘజీవితమున తుపాను వంటిది. ఎప్పుడో వచ్చును, పోవును. దినదినమును జరుగునది వేఱు: చందా వసూలు చేయుట, మంచము పట్టినవానికి సాయపడుట, చనిపోయినవాని యింటికి డబ్బు పంపుట, పని లేనివానికి పని చూపుట. ఏ సంఘ మెంతకాలము నిలిచినదో విచారించినచో ఈ రెండవ తీరు పనియే దానిని నిలిపినదని మా యభిప్రాయము. అయితే ఆ మేలు ఎవరికి చేరినది, ఎవరి ముఖము మీద తలుపు మూసినది అను ప్రశ్న యొకటి కలదు. సంఘసంస్కారమును గోరు కుటుంబములవారు ఆ ప్రశ్నను విడువరాదు.

ముందుగా ఈ వృత్తి యెట్టిదో చెప్పవలెను. ప్లంబరు అను మాట సీసమునకు లాటిను భాషలో గల పేరునుండి పుట్టినది. సీసపు గొట్టములను వంచి అతికి ఇంటిలోనికి నీరు తెచ్చువాడు ప్లంబరు. పైపుఫిట్టరు అతనికి జ్ఞాతి. ఇనుపగొట్టములకు మరలు కోసి, బిగించి, ఆవిరిని గాని వేడినీటిని గాని గ్యాసును గాని ఒత్తిడితో నడపువాడు. చలిదేశములలో పెద్ద కట్టడములను ఆవిరితో వెచ్చచేయు పద్ధతి అమెరికాలో 1840ల దశకమున బోస్టను పట్టణమున నేసను, వాల్వర్తు అను నిద్దఱు వ్యాపారుల మూలమున వ్యాపించెను. 1877లో న్యూయార్కు రాష్ట్రమునందలి లాక్‌పోర్టు అను ఊరిలో బర్డ్‌సిల్ హాలీ ఒక్క బాయిలరునుండి అనేక గృహములకు నేలలోపలి గొట్టముల గుండ ఆవిరిని పంపెను. 1882లో న్యూయార్కు నగరమునందును అట్టి యేర్పాటు మొదలయ్యెను. మన యూళ్లలో కుళాయి బాగుచేయువాడు భుజమున వేసికొని తిరుగు పైపు పానా కూడ ఆ కాలపుదే. వాల్వర్తు కంపెనీలో పనిచేసిన డేనియలు స్టిల్సను 1869లో దానికి పేటెంటు పొందెను. గుండ్రని గొట్టమును ఎంత గట్టిగా త్రిప్పిన నంత గట్టిగా కఱచి పట్టుకొను ఆ పండ్లు అతని కల్పనయే.

ఈ పనిలో ప్రమాదములకు కొదువలేదు. నిచ్చెనలమీదనుండి పడుట, ఆవిరి చిమ్మి కాలుట, వాయువు నిండిన గోతులలో నూపిరాడకపోవుట మామూలు. కాని ఈ వృత్తికి వీనికంటె మించిన చిక్కొకటి కలదు. నేతమిల్లు కార్మికునికి యజమాని యొక్కడే. ఆ యజమాని మంచివాడో చెడ్డవాడో, కనీస మతని గుమ్మము తెలియును. పైపుఫిట్టరుకో, కట్టడము పూర్తియైన దినమే ఉద్యోగము పూర్తి. ఈ నెల యొక కంట్రాక్టరుకు, వచ్చు నెల మఱియొకనికి, నడుమ కొన్ని వారములు ఎవరికిని కాదు. ముప్పదియేండ్లు కష్టపడినవాడు ముప్పదిమంది యజమానులను చూచును. వానికి ముసలితనమున జీవనభృతి ఎవరిమీద బాకీ? ప్రతి యజమానియు "మా కడ నున్నది ఆఱు నెలలే గదా" యనును. ఆ మాట అబద్ధమును గాదు. కాబట్టి ఈ వృత్తిలో పింఛను గాని వైద్యసహాయము గాని నిలకడగా నుండవలెనన్న, యజమానులు మాఱుచుండగా తాను మాఱని దొకటి కావలెను. సంఘముతప్ప అట్టి దింకొకటి లేకుండెను.

ఈ యూహ అమెరికాలో పుట్టినది కాదు, ఇంగ్లండునుండి వచ్చినది. అక్కడి పనివారు పందొమ్మిదవ శతాబ్దికి ముందునుండియు పరస్పర సహాయసంఘములుగా కూడి ఒక పెట్టెలో చందాలు వేసికొనుచుండిరి. ఆ పెట్టెకు మూడు తాళములు. మూడు చెవులు ముగ్గురి చేతులలో. ముగ్గురును కూడినగాని మూత తెఱవరాదు. ఒకరిమీద నొకరికి నమ్మకము లేకగాదు, నమ్మకము చెడకుండుటకే ఆ యేర్పాటు. 1851లో అనేక చిన్న సంఘములు కలిసి ఇంజనీర్ల సమైక్యసంఘ మేర్పడెను. వారానికి ఒక షిల్లింగు చందా. ఆ దినములలో అది చిన్న మొత్తము గాదు. దానికి బదులుగా సభ్యునకు పనిలేని కాలమున భృతి, వ్యాధిలో భృతి, అంగభంగమైనప్పుడు ఏకమొత్తపు సొమ్ము, వార్ధక్యమున వేతనము, మరణించినప్పుడు అంత్యక్రియల ఖర్చు లభించెను. పనికొఱకు ఊరూర తిరుగు సభ్యుడు తన చీటి చూపినచో ఏ యూరి శాఖయైనను వానికి రాత్రి బసయు, పనిజాడయు చూపవలెను. సిడ్నీ వెబ్బు, బియాట్రిసు వెబ్బు అను దంపతులు 1897లో ప్రకటించిన తమ గ్రంథమున కార్మికసంఘములు తమ పనిని సాధించుకొను మూడు పద్ధతులలో ఈ పరస్పర భరోసాను మొదటిదిగా నెంచిరి. యజమానితో బేరమాడుటయు చట్టము చేయించుటయు తక్కిన రెండు.

అమెరికాలో 1870ల దశకము చివర చుట్టలు చుట్టువారి సంఘము ఈ పద్ధతి ననుసరించి నిలద్రొక్కుకొనెను. అందలి శామ్యూలు గాంపర్సే తరువాత అమెరికా కార్మిక సమాఖ్యకు నాయకుడయ్యెను. ప్లంబర్లును స్టీముఫిట్టర్లును అంతకుముందు పెట్టుకొన్న సమాఖ్యలు నిలువలేదు. 1889లో బోస్టను ప్లంబరు పాట్రిక్ క్విన్లను వాషింగ్టను నగరమునందలి తన వృత్తిసోదరుడు ఓబ్రయనుకు జాబు వ్రాసి, చెదరియున్న పట్టణసంఘముల నన్నిటిని కూర్పవలెనని ప్రేరేపించెను. ఆ యేడు అక్టోబరు 11వ తేదీని వాషింగ్టనులో ప్లంబర్లు, గ్యాసుఫిట్టర్లు, స్టీముఫిట్టర్లు, స్టీముఫిట్టర్ల సహాయకులు కలిసి సంయుక్తసంఘమును స్థాపించిరి. క్విన్లనే ప్రథమాధ్యక్షుడు. దానికి సంయుక్తరాష్ట్రములలోను కెనడాలోను శాఖ లేర్పడెను. నేటికిని ఆ సంఘము జీవించియున్నది.

నాలుగేండ్లు తిరుగకముందే 1893 నాటి ఆర్థికసంక్షోభము వచ్చెను. కట్టడము లాగిపోయెను. పని లేనివాడు చందా నెట్లు చెల్లించును? చెల్లింపనివాడు సభ్యు డెట్లగును? మొదటి పదియేండ్లలో ఈ సంఘ మనుభవించిన కష్టము లన్నియు ఈ రెండు ప్రశ్నలలో నిమిడియున్నవి. ప్రతి పట్టణశాఖయు తన పెట్టెను తానే కాచుకొనుచుండగా, పని తఱిగిన యూరిశాఖ పెట్టె వట్టిపోవుచుండెను, పని పెరిగిన యూరిశాఖ పొరుగూరివారిని రానీయకుండెను. ఇరువదవ శతాబ్ది ప్రారంభమున వ్యాధిభృతిని, మరణభృతిని, ప్రయాణపు చీటిని దేశమంతటికి నొక్క పద్ధతిగా నేర్పఱచుకొన్న పిమ్మటనే సంఘము స్థిరపడెను. సోదరభావము ఉపన్యాసములలో పుట్టవచ్చును గాని, ఒక యూరివాడు చెల్లించిన నాణెము వేఱొక యూరి విధవకు చేరినప్పుడే అది బలపడును.

ఇక్కడ ఒక యింటితగవును గూర్చి చెప్పి ముందునకు పోయెదము. ఆవిరిగొట్టములు బిగించువారు కొందఱు, తాము ప్లంబర్లకు లోబడరాదని, వేఱు సంఘముగా నుండిరి. ఏ గొట్టము ఎవరిది, ఏ మర ఎవరు కోయవలెను అని రెండు సంఘములును పొలముగట్ల తగవువలె పోరాడెను. చికాగోలో అది చేయి చేసికొనువఱకు పోయెను. 1912లో కార్మికసమాఖ్య ఒక వృత్తి కొక్క సంఘమే యని తీర్పుచెప్పి వేఱుసంఘపు గుర్తింపును తీసివేసెను. అటుపిమ్మట వారును సంయుక్తసంఘమున కలిసిరి. ఆ తగవులో పోయిన డబ్బుతో ఎన్ని కుటుంబములు బ్రదికియుండునో!

ఆ చికాగో స్టీముఫిట్టర్ల శాఖనుండియే మార్టిను డర్కిను వచ్చెను. బాల్యముననే బడి మాని, పదునేడేండ్ల ప్రాయమున అప్రెంటిసుగా చేరి, శాఖకు కార్యనిర్వాహకుడై, 1933లో ఇల్లినాయి రాష్ట్రపు కార్మికశాఖ కధికారియై, 1943లో సంయుక్తసంఘమున కధ్యక్షు డయ్యెను. 1953లో అధ్యక్షుడు ఐసన్‌హోవరు అతనిని తన మంత్రివర్గమున కార్మికమంత్రిగా తీసికొనగా, "ఎనిమిదిమంది కోటీశ్వరులును ఒక ప్లంబరును" అని యొక పత్రిక పరిహసించెను. నిజమునకు అతడు ప్లంబరు గాడు, స్టీముఫిట్టరు; పత్రికలవారికి ఆ భేదము పట్టలేదు. కార్మికచట్టమును సవరింతుమన్న మాట నిలువలేదని యతడు ఎనిమిది నెలలకే, సెప్టెంబరులో, రాజీనామా చేసెను. మన తెలుగువారికి దీనిని చదువునప్పుడు వరాహగిరి వేంకటగిరిగారు జ్ఞప్తికి రాకపోరు. రైల్వే కార్మికోద్యమమున పెరిగి కేంద్ర కార్మికమంత్రి యైన గిరిగారు, బ్యాంకు ఉద్యోగుల వివాదమున న్యాయస్థానపు తీర్పును ప్రభుత్వము మార్చుట సమ్మతింపక, మఱుసటి యేడే, 1954లో, పదవి విడిచిరి. ఇరువురును ఒకరి నొకరు చూచియు నుండరు. సంఘమునందు పెరిగినవారికి ఇచ్చిన మాటయందు గల పట్టింపు రెండు దేశములందును ఒక్కతీరుగనే యుండెను.

డర్కిను అధ్యక్షుడుగా నున్న కాలముననే సభ్యుల లాభములస్వరూపము మాఱెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1942నుండి, ప్రభుత్వము కూలిరేట్లు పెరుగకుండ కట్టడి చేసెను. కాని వైద్యబీమాకును పింఛనుకును యజమాని చెల్లించునది కూలిలో చేరదని సడలింపు నిచ్చెను. కూలి పెంచరాదు గాని వైద్యనిధికి జమ చేయవచ్చును! ఈ సందుగుండ అమెరికాలో కార్మికుల వైద్యబీమా పెరిగెను. 1947లో వచ్చిన టాఫ్టు–హార్ట్లీ చట్టము సంఘముల చేతులు పెక్కువిధముల కట్టినదే గాని, నిధుల విషయమున నొక మంచి నియమము చేసెను. యజమానులు చెల్లించు సొమ్ము సంఘాధికారుల చేతికి పోరాదు. లిఖితపూర్వకమైన ఒడంబడికతో వేఱు ధర్మనిధిగా నుండవలెను. దానికి యజమానుల పక్షమున నెందఱో కార్మికుల పక్షమున నందఱే ధర్మకర్త లుండవలెను. మూడు తాళముల పెట్టెయే చట్టరూపమున తిరిగి వచ్చినదనుట తప్పుగాదు.

ఈ నిధి నడచు తీరు గృహస్థులు తెలిసికొనదగినది. ఫిట్టరు ఏ కంట్రాక్టరు కడ పనిచేసినను, అతడు చేసిన ప్రతి గంటకు ఇంత యని కంట్రాక్టరు నిధికి చెల్లించును. నిధిలో ఆ ఫిట్టరు పేర గంటల లెక్క యుండును. ఒక మాసపు వైద్యసహాయమునకు 130 గంటలు కావలెననుకొందము. 170 గంటలు పనిచేసిన మాసమున 40 గంటలు మిగులును. నాలుగు మాసము లట్లు మిగిలినచో 160 గంటలు కూడును. అయిదవ మాసమున పని లేక అతడు ఇంటనే యున్నను, ఆ నిలువనుండి 130 గంటలు తీసి కుటుంబమునకు వైద్యసహాయము సాగింతురు. కోడళ్లు ధాన్యపు గాదెలో కొలిచి పోసికొని కఱవునెలలో కొలిచి తీసికొనునట్లే. యజమాని దివాలా తీసినను, ఊరు విడిచిపోయినను గంటలు మాత్రము సభ్యునివే. 1963లో ఇండియానా రాష్ట్రమున సౌత్‌బెండు పట్టణపు స్టూడీబేకరు మోటారు కర్మాగారము మూతపడగా వేలకొలది కార్మికులు తమ పింఛనును చాలవఱకు కోలుపోయిరి. ఆ కల్లోలమే 1974 నాటి పింఛనురక్షణ చట్టమునకు ముఖ్యకారణములలో నొకటి. ఒక్క యజమానిని నమ్ముకొన్న పింఛనుకును, పెక్కు యజమానులు చేరిన నిధికిని గల భేద మప్పుడు లోకమునకు తెలిసెను.

అట్లని ఈ నిధులు అక్షయపాత్ర లనుకొనరాదు. పిన్నలు తక్కువగా చేరి వృద్ధులు పెరిగిన వృత్తులలో ఇవి కుంగినవి. నిధినుండి తప్పుకొను యజమాని తన వంతు బాకీ తీర్చి పోవలెనని 1980లో చట్టము చేయవలసివచ్చెను. కుంగినవానిని ఆదుకొనుటకు 2021లో ప్రభుత్వమే ధనసహాయమునకు పూనుకొనెను.

సభ్యుల లాభములలో మేము మిక్కిలి మెచ్చున దింకొకటి కలదు: అప్రెంటిసు విద్య. చేరిన యువకుడు ఐదేండ్లు పనిలో నుండి కూలి పుచ్చుకొనుచునే గణితమును, నక్షాలు చదువుటను, లోహములు అతుకుటను నేర్చును. విద్యకొఱకు అప్పు చేయనక్కఱలేదు. నేర్పు గురువులకును శిక్షణ కలదు. ఏటేట వేసవిలో వారిని ఒకచోట చేర్చి, మొదట పర్డ్యూ విశ్వవిద్యాలయమునందును, తరువాత మిషిగను రాష్ట్రమున ఆనార్బరు కడ నున్న కళాశాలయందును నేర్పుచు వచ్చిరి. మన దేశమున ఈ వృత్తి నేటికిని చూచి నేర్చుకొనున దగుటచే, నేర్చినవాడెవడో నేర్వనివాడెవడో గోడ తడిసినగాని తెలియదు.

ఇక వార్తాపత్రపు కడపటి పుటను, మృతుల పట్టికను, గూర్చి చెప్పవలెను. బాయిలరు గదులలోను నౌకలలోను వేడిగొట్టముల చుట్టు ఆస్బెస్టాసు అను రాతినారను చుట్టుట చిరకాలపు వాడుక. చుట్టువారికి వేఱు సంఘము కలదు. కాని ఫిట్టర్లు వారి ప్రక్కనే, ఆ దుమ్ములోనే పనిచేసిరి. ఆ దుమ్ము ఊపిరితిత్తులలో చేరి ఇరువది ముప్పదియేండ్లకు గాని తన విషమును చూపదు. అప్పటికి యజమానులు పదిమంది మాఱియుందురు, కట్టడములు కూలియుండును; ఏ పనిలో వ్యాధి పుట్టినదో చెప్పగలవా డుండడు. న్యూజెర్సీయందు వైద్యము చేయుచుండిన డాక్టరు ఇర్వింగు సెలికాఫు అను నతనికి కంపెనీల దస్తరములనుండి సాయము దొరకలేదు. కాని న్యూయార్కు, న్యూజెర్సీ ప్రాంతపు రాతినారపనివారి రెండు శాఖలు తమ సభ్యుల పట్టికలను తేదీలతో జాగ్రత్తగా దాచియుంచెను. ఎందుకు దాచినవి? చందాల కొఱకు, మరణభృతి చెల్లించుట కొఱకు! 1942వ సంవత్సరాంతమున సభ్యులుగా నున్న 632 మందిని ఆ పట్టికలలో పట్టి, 1962వఱకు వారేమైరో సెలికాఫును అతని సహచరులును వెదకిరి. ఊపిరితిత్తుల పుట్టకురుపుతోను దాని పొరల పుట్టకురుపుతోను సామాన్యముగా ఆఱేడుగురు మాత్రమే చనిపోవలసియుండగా 45 మంది చనిపోయిరని తేలెను. 1964లో ప్రకటింపబడిన ఆ పరిశోధనతో రాతినార కథ యికను దాచరానిదయ్యెను.

మేము ఈ యుదంతమును మొదట చదివినపుడు కొంతసేపు ముందునకు సాగలేకపోతిమి. అంత్యక్రియల ఖర్చు సరిగా చెల్లింపవలెనని పేర్లు వ్రాసిపెట్టుకొన్న గుమాస్తాలు, తాము వేలమంది ప్రాణములను గూర్చి సాక్ష్యము వ్రాయుచున్నామని యెఱుగరు.

ఇంతవఱకు చెప్పినది సంఘపు గాదెను గూర్చి. ఇక దాని వాకిలి. ఒక నిధి తనవారిని కాపాడునంత గట్టిదైనప్పుడు, తనవారెవరను ప్రశ్న కూడ అంత గట్టిదగును. పనులు ఇన్ని, సభ్యులు ఇందఱు. సభ్యులు పెరిగినచో ఒక్కొక్కని గంటలు తఱుగును. కాబట్టి ఈ కట్టడపు వృత్తులలో అప్రెంటిసు చోటు తండ్రినుండి కొడుకునకు, మామనుండి మేనల్లునకు పోవుట అలవాటయ్యెను. సంయుక్తరాష్ట్రములలో దాని ఫలిత మేమనగా, తాతలనాడు నీగ్రోలని వెలిపెట్టబడినవారి మనుమలకు కూడ ఆ తలుపు తెఱవబడలేదు. ఎవరును "నల్లవారు రారాదు" అని బోర్డు కట్టనక్కఱలేదు. "మా పిల్లలకే" అన్నచో చాలును. న్యూ ఆర్లియన్సులో గొట్టములకు రాతినార చుట్టువారి శాఖ యొకటి సభ్యుల కుమారులకును దగ్గఱి బంధువులకును మాత్రమే ప్రవేశ మిచ్చుచుండెను. ఇట్టి బంధునియమము తెల్లవారి సంఘమున నున్నంతకాలము జాతిభేదమే యగునని 1969లో అప్పీలుకోర్టు కొట్టివేసెను. కులవృత్తి యనునది మన దేశమునందే పుట్టు చెట్టనుకొందుము. అమెరికాలో వేదము లేకయే, స్మృతులు లేకయే, చందాపుస్తకమునుండియే మొలిచెను.

1964లో న్యూయార్కునందలి బ్రాంక్సు బజారుకట్టడమున నొక నల్లవానిని, ముగ్గురు పోర్టోరికోవారిని పనిలోనికి తీసికొనగా ప్లంబర్ల శాఖవారు పని విడిచి వెడలిపోయిరి. వారు సంఘసభ్యులు గారు గనుక వారితో పనిచేయమని శాఖవారి వాదము. వారిని సభ్యులుగా చేర్చుకొనని దెవరని మఱుప్రశ్న. దేశమునందలి కార్మికసంఘముల సమాఖ్యకు ఆనాటి యధ్యక్షుడు జార్జి మీనీ. ఆయనయు బ్రాంక్సు ప్లంబరే, ప్లంబరు కుమారుడే. ఆ యేటనే వచ్చిన పౌరహక్కుల చట్టములో ఉద్యోగములందు జాతిభేదము కూడదను భాగము చేరుటకు ఆయన సంఘమే గట్టిగా పాటుపడెను. అయినను బ్రాంక్సు తగవులో ఆయన తన వృత్తివారి పక్షముననే నిలిచెను. ఈ రెండింటిని పొత్తు కలుపుట కష్టము. అయితే మన సంస్కర్తలలో సభలో వితంతువివాహమును సమర్థించి తన యింట మాత్రము సమ్మతింపనివారిని చూచిన మనకు ఇది విచిత్రముగా తోపదు.

తలుపును లోపలివారు తెఱవలేదు. వెలుపలివారు చట్టము పట్టుకొని తట్టిరి. న్యూయార్కు స్టీముఫిట్టర్ల శాఖమీద నడచిన వ్యాజ్యమున 1973లో న్యాయాధిపతి, 1977నాటికి శాఖలో తెల్లవారు గానివారు నూటికి 30 వంతు లుండునట్లు చేర్చుకొనవలెనని లక్ష్యము విధించెను. 1974లో అప్పీలుకోర్టు లక్ష్యముంచుట సరియే యనియు, ఆ శాతమును మాత్రము మఱల లెక్కించవలెననియు తీర్పు చెప్పెను. పాతసభ్యులలో కొందఱు, తమ తండ్రులు కూడబెట్టిన నిధిలో పరులు పాలు పుచ్చుకొనుచున్నారని వగచిరి. ఆ వగపు అర్థము గానిది కాదు. కాని నిధి నిలుచునది చేరుచున్న పిన్నల చందాలతోనే. తండ్రి పింఛను కొడుకు చెల్లింపడు, ఆ నెలలో పనిచేయుచున్న వారందఱును చెల్లింతురు. అందు నిన్నటివఱకు గుమ్మముకడ నిలువబెట్టబడినవాడును ఉండును.

మన దేశమున ఈ కథ ఆలస్యముగా మొదలైనది. 1918 ఏప్రిలు 27న మద్రాసు కార్మికసంఘము పెరంబూరు మిల్లు పనివారికొఱకు స్థాపింపబడెను, దానికి పూనుకొన్నవారిలో సెల్వపతిచెట్టిగారు, రామానుజులునాయుడుగారు ఉండిరి, వాడియాగారు అధ్యక్షులు. మిల్లుయజమానులు హైకోర్టునకు పోయి నాయకులమీద నిషేధాజ్ఞ తెచ్చిరి. సంఘము పెట్టుటయే నష్టదావాకు కారణ మగునట్లుండెను. ఆ దెబ్బ మూలముననే 1926 నాటి ట్రేడుయూనియను చట్టము పుట్టెను. దాని 15వ విభాగమున సంఘనిధిని దేనిదేనికి ఖర్చు చేయవచ్చునో పేర్కొనబడెను: మరణము, వార్ధక్యము, వ్యాధి, ప్రమాదము, నిరుద్యోగము కలిగినప్పుడు సభ్యులకు భృతి, విద్య, అంత్యక్రియలు, కార్మికుల విషయములను చర్చించు పత్రిక నడుపుట. పైపుఫిట్టర్ల వార్తాపత్రమున మనము చూచిన వన్నియు అందు కలవు! ఆ చట్టము తరువాత నూతన కార్మికస్మృతులలో కలిసిపోయినది గాని, దాని కాలమంతటను ఆ భృతులు మన సంఘములలో చాలవఱకు కాగితముమీదనే నిలిచినవి. చేతికి దినకూలి వచ్చువానినుండి వారపు చందా వసూలు చేయుట సామాన్యము గాదు.

ఆ కొఱతను తీర్చుటకు 1996లో కట్టడపు పనివారికొఱకు వేఱొక చట్టము వచ్చెను. కట్టడపు వ్యయముమీద నూటికి ఒక రూపాయి సుంకము వసూలుచేసి రాష్ట్రమండలుల కడ నుంచి, నమోదైన పనివారికి వైద్యము, ప్రసూతి, ప్రమాదము, పింఛను మున్నగు సాయములు చేయవలెనని దాని యుద్దేశము. ప్లంబర్లు దానిలో చేరుదురు. సుంకము వసూలయ్యెను. ఖర్చు చేయుటయే జరుగలేదు. వేలకొలది కోట్లు నిలువయుండుట చూచి 2018లో సుప్రీముకోర్టు తీవ్రముగా ఖండించెను. గాదె నిండినది గాని కొలిచిపెట్టువాడు లేడు. గంటల లెక్క వ్రాయు సంఘము లేనిచోట సొమ్ము ఎవరి పేర జమ యగును?

ఈ వ్యాసమునకు సామగ్రి కూర్చుకొనుచున్న దినములలో మా యింట కుళాయి చెడగా పనివాడు వచ్చెను. నలుబదియేండ్లవాడు, చేతిలో పైపు పానా. నమోదు చేయించుకొంటివా యని యడిగితిమి. చేయించుకొన్నాడట, కార్డు గడువు తీరినదట, ఏడాదిలో తొంబదిదినములు పనిచేసినట్లు రుజువు కావలెనని తిప్పి పంపినారట.

"రుజువు ఎవరు రాసిస్తారండీ?" అనెను. "పొద్దున ఒకరింట్లో, సాయంత్రం ఇంకొకరింట్లో. నాకు ఓనరు అంటే మీరే, ఈ గంటసేపు."

మేము కాగితము తెచ్చి, ఆనాటి తేదీ వేసి, గంటన్నర పని యని వ్రాసి, సంతకము చేసి యిచ్చితిమి. అతడు దానిని నాలుగు మడతలు పెట్టి చొక్కాజేబులో నుంచుకొనెను.